నీళ్ల సమస్యో డ్రైనేజీ సమస్యో వస్తే, ముందు అది ఇంటిదా వీధిదా తేల్చుకోండి

నీళ్లు రాకపోయినా, బిల్లు ఒక్కసారిగా పెరిగినా, బాత్రూంలో మురుగు వెనక్కి తన్నినా మనం చేసే మొదటి పని నీటి సంస్థ ఆఫీసుకి ఫోన్ చేయడం. వాళ్లు ఫిర్యాదు రాసుకుంటారు, రెండు రోజులకు ఒక మనిషి వస్తాడు, చూసి "ఇది మీ ఇంటి లోపలి సమస్యండీ, ప్లంబర్‌ని పిలిపించుకోండి" అని వెళ్లిపోతాడు. ప్లంబర్ వచ్చి రెండు చోట్ల తవ్వి "లోపల అంతా బాగానే ఉంది, వీధి లైన్లోనే ఏదో ఉంది" అంటాడు. ఈలోగా నాలుగు రోజులు గడిచిపోతాయి, డబ్బు ఖర్చవుతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్ చేసే ముందు ఒక్క పావుగంట మీరే చూసుకుంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. ఆ పావుగంటలో ఏం చూడాలో, చూశాక ఎవరికి ఏం చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను.

మీది ఎక్కడిదాకా, వాళ్లది ఎక్కడిదాకా

వీధి కింద వెళ్లే పెద్ద పైపును మెయిన్ అంటారు. దాని నుంచి మీ ఇంటికి వచ్చే సన్న పైపు సర్వీస్ లైను. దాని మీద ఎక్కడో ఒకచోట ఒక వాల్వు, ఒక మీటరు ఉంటాయి. చాలా నగరాల్లో మీటరు దాకా సంస్థది, మీటరు దాటిన దగ్గర నుంచి ఇంటివాళ్లది. కొన్ని చోట్ల మాత్రం మెయిన్‌కి కనెక్షన్ కలిపిన చోటు నుంచే అంతా ఇంటివాళ్ల బాధ్యత, అంటే రోడ్డు కింద సర్వీస్ లైను పగిలినా ఖర్చు మీదే. డ్రైనేజీ దగ్గర ఇంకా తిరకాసు ఉంటుంది. ఇంటి హద్దు దగ్గర ఉండే ఆఖరి చాంబరు (మురుగు పైపు మీద మూత ఉన్న గుంత) దాకే మీది అని కొన్ని ఊళ్లలో అంటారు, వీధి మెయిన్‌లో కలిసే దాకా మొత్తం మీదే అని ఇంకొన్ని ఊళ్లలో అంటారు. ఈ తేడా మామూలు రోజుల్లో ఎవరికీ పట్టదు, రోడ్డు తవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలా పెద్దది అవుతుంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఇది రాసి ఉంటుంది. ఆ కాగితం దొరక్కపోతే ఆఫీసులో ఒకే ఒక ప్రశ్న అడగండి: "మా కనెక్షన్‌లో మా బాధ్యత ఎక్కడ మొదలవుతుంది?" జవాబును ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకో గీత ఉంటుంది, మీకూ యజమానికీ మధ్య. వాషరు మార్చడం ఎవరి పని, పైపు మార్చడం ఎవరి పని అన్నది ఇంట్లో దిగే రోజే మాట్లాడుకోవడం మంచిది, నీళ్లు గోడలోంచి కారుతున్న రోజు కాదు.

ఆ తర్వాత ఇంటి మెయిన్ వాల్వు, అంటే ఇల్లంతటికీ నీళ్లు ఆపే వాల్వు, ఎక్కడుందో చూడండి. ఇంట్లో ఎవరిని అడిగినా చెప్పగలగాలి, పిల్లలతో సహా. పైపు పగిలి హాల్లోకి నీళ్లు వస్తున్నప్పుడు ఫోన్లో నంబర్లు వెతకడం కంటే ఆ వాల్వు కట్టేయడం ముఖ్యం. పిడి ఉన్నది బాల్ వాల్వు, పావు చుట్టు తిప్పితే చాలు. పిడి పైపు వెంబడే ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకి అడ్డంగా ఉంటే కట్టేసినట్టు. గుండ్రటి చక్రం ఉన్నది గేటు వాల్వు, దాన్ని చాలా చుట్లు తిప్పాలి, ఏళ్ల తరబడి కదపకపోతే పట్టేస్తుంది. అలా పట్టేసినదాన్ని పెద్ద పానా పెట్టి బలంగా తిప్పకండి, లోపలి కడ్డీ విరిగితే అప్పటిదాకా లేని సమస్య కొత్తగా మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు పూర్తిగా మూసి, తెరిచి, గేటు వాల్వు అయితే చివర్లో అర చుట్టు వెనక్కి తిప్పి వదిలేస్తే అది పట్టేయదు.

మీటరుని నమ్మండి, కానీ సరిగ్గా చదవండి

మీటరు మీద సాధారణంగా నల్ల అంకెలు, ఎర్ర అంకెలు ఉంటాయి. నల్లవి ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు అంటే 1,000 లీటర్లు, బిల్లులో కిలోలీటరు అని రాసేదీ అదే. ఎర్రవి అందులో భాగాలు, వాటిని బిల్లులో లెక్కేయరు, కానీ మీకు చాలా పనికొస్తాయి. చాలా మీటర్లలో చిన్న నక్షత్రం లాంటి చక్రమో, త్రికోణమో ఉంటుంది, చాలా కొద్దిగా నీళ్లు కదిలినా అది తిరుగుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయండి, వాషింగ్ మెషీన్ ఆపండి, ఎవరినీ ఫ్లష్ చేయొద్దని చెప్పండి. మీటరు ఫోటో తీసి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఫోటో తీయండి. ఎర్ర అంకె కదిలినా, నక్షత్రం తిరిగినా ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి పడుకునే ముందు ఒక ఫోటో, తెల్లవారుజామున ఎవరూ కుళాయి విప్పకముందు ఇంకో ఫోటో తీస్తే మరీ చిన్న లీకేజీ కూడా దొరుకుతుంది. లీకేజీ ఉందని తేలితే, మీటరు దాటాక ఉన్న ఇంటి మెయిన్ వాల్వు కట్టేసి మళ్లీ చూడండి. మీటరు ఆగిపోతే లీకు వాల్వు తర్వాత, అంటే ఇంట్లో. అప్పటికీ తిరుగుతూనే ఉంటే మీటరుకీ వాల్వుకీ మధ్య భూమిలో.

ట్యాంకు ఉన్న ఇళ్లలో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది ప్లంబర్లు కూడా మర్చిపోతారు. నీళ్లు ముందు సంపులోకో ట్యాంకులోకో పడి, అక్కడి నుంచి ఇంట్లోకి వస్తుంటే, మీటరు చూసేది ట్యాంకు నిండటాన్ని మాత్రమే. అలాంటప్పుడు పరీక్ష రెండు ముక్కలు చేయాలి. ముందు ట్యాంకులోకి వచ్చే లైను కట్టేసి మీటరు చూడండి, అది తిరిగితే మీటరుకీ ట్యాంకుకీ మధ్య లీకు. తర్వాత ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, రాత్రంతా ఇంట్లో నీళ్లు వాడకుండా ఉంచి, పొద్దున్నే చూడండి. గీత కంటే కిందికి దిగితే ట్యాంకుకైనా, ఇంటి పైపులకైనా లీకుంది. నిండాక కూడా ట్యాంకు పొంగుతుంటే, నిండగానే నీళ్లు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వు పోయినట్టు. ఆ పొంగే గొట్టం కంటికి కనపడని చోట ఉంటే నెలల తరబడి నీళ్లు కాలవలోకి పోతూనే ఉంటాయి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి మాకు బిల్లు మామూలు కంటే మూడు రెట్లు వచ్చింది. మీటరు చెడిపోయిందని నా గట్టి నమ్మకం. ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను, కౌంటర్లో గొంతు పెంచి కూడా మాట్లాడాను. చివరికి పక్కింటి బాబాయిగారు వచ్చి, ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు వేసి పది నిమిషాలు ఆగమన్నారు. ఎవరూ ఫ్లష్ చేయలేదు, అయినా కమోడ్ గిన్నెలోకి రంగు దిగింది. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోయి, చప్పుడు లేకుండా రాత్రీ పగలూ కారుతోంది. నిమిషానికి పావు లీటరు కారితే రోజుకు 360 లీటర్లు, నెలకు పది కిలోలీటర్లు దాటుతుంది. వాడకం పెరిగేకొద్దీ రేటు కూడా పెరిగే శ్లాబు పద్ధతి ఉన్నచోట ఆ పది కిలోలీటర్లూ ఖరీదైన శ్లాబులోనే పడతాయి. మార్చాల్సింది అరచేతిలో పట్టేంత రబ్బరు ముక్క.

అందుకే బిల్లు పెరిగిందంటే నేను ముందు ఫ్లష్ ట్యాంకునే అనుమానిస్తాను. రంగు పరీక్షలో ఏమీ తేలకపోతే ట్యాంకు మూత తీసి, మధ్యలో నిలబడి ఉండే గొట్టంలోకి నీళ్లు పొంగి పడుతున్నాయేమో చూడండి, అలా పడుతుంటే నీళ్లు నింపే వాల్వుది తప్పు. కుళాయి చుక్కలది తర్వాతి మాట. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా ఏడాదికి దాదాపు 10,000 లీటర్లు పోతాయి.

బిల్లు చేతికి రాగానే

నాలుగు చూడండి. బిల్లు మీద ఉన్న మీటరు నంబరు, మీ మీటరు మీద చెక్కిన నంబరు ఒకటేనా? అపార్టుమెంట్లలో మీటర్లన్నీ ఒక వరసలో ఉంటే ఇవి తారుమారు అవుతుంటాయి. పోయిన బిల్లులో ముగింపు రీడింగు, ఈ బిల్లులో మొదటి రీడింగు ఒకటేనా? రీడింగు నిజంగా తీశారా, సగటు వేశారా? తాళం వేసి ఉందనో, మీటరు గుంతలో నీళ్లున్నాయనో సగటు బిల్లు వేస్తారు, ఆ తర్వాత ఎప్పుడో అసలు రీడింగు తీసినప్పుడు నెలల తేడా అంతా ఒకేసారి మీద పడుతుంది. అలా పడితే ఆ వాడకాన్ని నెలలవారీగా పంచి, ఏ నెల శ్లాబు ఆ నెలకు లెక్క కట్టమని అడగండి, అది న్యాయమైన మాట. నాలుగోది, పాత బకాయి పేరుతో ఏమైనా కలిపారా?

నెలనెలా ఒకే తేదీన మీటరు ఫోటో తీసి పెట్టుకోవడం కంటే మంచి ఆధారం ఇంకొకటి లేదు. ఆఫీసులో ఎంత వాదించినా తేలని విషయం ఆరు ఫోటోలతో తేలిపోతుంది.

మురుగునీటి ఛార్జీ ఎలా లెక్క కడతారో చాలామందికి అర్థం కాదు. మీ ఇంటి నుంచి ఎంత మురుగు పోతోందో కొలిచే మీటరు ఉండదు కాబట్టి, లోపలికి వచ్చిన నీళ్లను బట్టే బయటికి పోయే మురుగును లెక్క కడతారు. అంటే మొక్కలకు పోసిన నీళ్లకు కూడా మురుగు ఛార్జీ పడుతుంది. పెద్ద తోట ఉన్నవాళ్లకు వేరే మీటరు ఇచ్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, అడిగితేనే చెబుతారు. భూమిలో పైపు పగిలి నీళ్లు పోయినప్పుడు కూడా అంతే, బాగు చేయించిన రసీదు చూపిస్తే కొన్ని సంస్థలు బిల్లు కొంత తగ్గిస్తాయి. అందుకని ప్లంబర్ దగ్గర రసీదు తప్పకుండా తీసుకోండి, ముందు, తర్వాత ఫోటోలు తీయండి.

ఇన్ని చూశాక కూడా మీటరు మీదే అనుమానం ఉంటే పరీక్ష చేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా రుసుము కడతారు, మీటరు తప్పని తేలితే తిరిగి ఇస్తారు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి, లోపల చక్రం తిరిగే పాత మీటర్లు అరిగేకొద్దీ చాలావరకు వాడకాన్ని తక్కువే చూపిస్తాయి. నీళ్లు ఆగి ఆగి వచ్చే చోట మాత్రం వేరే సంగతి ఉంది, నీళ్లు వదిలిన కొత్తలో ముందుగా వచ్చే గాలికి కూడా మీటరు తిరుగుతుంది. ఆ సమయంలో కుళాయి దగ్గర బుస్సుమని గాలి వస్తుండగా అంకె కదులుతుంటే వీడియో తీసి ఫిర్యాదుకు జత చేయండి.

ఇల్లు మారేటప్పుడు ఖాళీ చేసే రోజు రీడింగు రాయించి, ఆఖరి బిల్లు కట్టి, బాకీ లేదనే కాగితం తీసుకోండి. కొనేవాళ్లు అయితే మరీ జాగ్రత్త, చాలా చోట్ల నీటి బకాయి మనిషిని కాకుండా ఇంటిని పట్టుకుని ఉంటుంది. పేరు మార్పు వెంటనే చేయించుకోకపోతే పాత యజమాని బాకీ గురించిన నోటీసు ఆయనకే వెళ్తుంది, కనెక్షన్ మాత్రం మీది కట్ అవుతుంది.

నీళ్లు రావడం లేదు, లేదా సన్నగా వస్తున్నాయి

ముందు పక్కింట్లో అడగండి. వాళ్లకూ రాకపోతే వీధి సమస్య, ఇక మీరు ఇంట్లో వెతకనవసరం లేదు. వాళ్లకు వస్తూ మీకు మాత్రమే రాకపోతే ఒక కుళాయికేనా, అన్నిటికీనా చూడండి. ఒక్క కుళాయే అయితే దాని మూతి దగ్గర జాలీ విప్పి కడగండి, చాలాసార్లు ఇసుక రేణువులే. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తే గీజరు వైపు. అన్నిటికీ సన్నగా వస్తే మెయిన్ వాల్వు సగం మూసి ఉందేమో, మీటరు ముందుండే జాలీ నిండిందేమో. మీటరుకి సీలు ఉంటే మీరు విప్పకండి, అది వాళ్లే విప్పాలి.

పై అంతస్తుల్లో ప్రెజర్ తగ్గడం సహజం. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక బార్ ప్రెజర్ ఖర్చవుతుంది. వీధిలో ఉన్నదే ఒక బార్ అయితే మూడో అంతస్తుకి నీళ్లు ఎక్కవు, ఎవరి మీద ఫిర్యాదు చేసినా ఎక్కవు. దానికి మార్గం ఒకటే, ఇంటి కింద సంపు కట్టి, దాని నుంచి పైకి మోటారు పెట్టుకోవడం.

మోటారు మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, వీధి లైనుకి నేరుగా మోటారు పెట్టి లాగకండి. పక్కింటివాళ్లకు నీళ్లు రాకుండా పోవడం ఒక్కటే కాదు సమస్య. మోటారు లాగినప్పుడు పైపులో ప్రెజర్ పడిపోయి లోపలికి పీల్చే గుణం వస్తుంది. భూమిలో ఆ పైపుకి ఎక్కడ చిన్న పగులున్నా, దాని చుట్టూ ఉన్న మురికినీళ్లు అందులోంచి లోపలికి వెళ్తాయి. అవి మొదట వచ్చేది మోటారు పెట్టిన ఇంటికే. ఇదే కారణంతో పైపు చివర బకెట్లో ముంచి ఉంచి నీళ్లు పట్టకండి, వీధిలో ప్రెజర్ హఠాత్తుగా పడితే బకెట్లో నీళ్లు వెనక్కి లైన్లోకి పోతాయి. కుళాయి మూతికీ బకెట్లో నీటికీ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండాలి.

సరఫరా ఆపుతామని ముందే చెప్పినప్పుడు తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన పట్టుకోండి, వాడకానికి వేరే. నీళ్లు లేవని తిప్పి చూసిన కుళాయిలన్నీ తిరిగి కట్టేశాకే బయటికి వెళ్లండి. నీళ్లు తిరిగి వచ్చాక మొదట వచ్చేవి ఫిల్టర్‌లోకీ గీజర్‌లోకీ పోనివ్వకుండా కింది కుళాయి నుంచి వదిలేయండి.

రంగు, వాసన

గ్లాసులో పట్టిన నీళ్లు తెల్లగా పాలలా ఉండి, కింది నుంచి పైకి తేటపడుతుంటే అది గాలి బుడగలు, భయం లేదు. తుప్పు రంగులో వస్తే మెయిన్‌లో పని జరిగి అడుగున పేరుకున్నది కదిలి ఉంటుంది. చన్నీళ్ల కుళాయి ఒకటి తేటపడే దాకా వదలండి, ఆ నీళ్లతో మొక్కలు తడపండి, తెల్లబట్టలు మాత్రం ఉతక్కండి. గంట రెండు గంటలైనా తేటపడకపోతే ఫోన్ చేయండి.

క్లోరిన్ వాసన కొద్దిగా ఉండటం మంచి లక్షణమే. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, దారిలో చేరే చాలా క్రిములను అది అదుపు చేస్తుందని. నచ్చకపోతే పాత్రలో పట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గుతుంది.

మురుగు వాసన వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించకండి. తాగడం, వంట, పళ్లు తోముకోవడం అన్నీ ఆపేసి, వెంటనే ఫోన్ చేసి, పక్కిళ్లవాళ్లకు చెప్పండి. తాగే నీళ్లలో మురుగు కలిస్తే ఎంత ప్రమాదమో 1854 నాటి ఒక ఘటన చూపించింది. లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ల ఇళ్లను గుర్తించుకుంటూ వెళ్లి, వాళ్లలో ఎక్కువమంది ఒకే పంపు నీళ్లు తాగుతున్నారని తేల్చారు. ఆ బావి పక్కనే ఉన్న మురుగు గుంత నుంచి ఊట దాంట్లోకి దిగుతోంది. మన వీధుల్లోనూ నీటి పైపు, మురుగు పైపు కొన్ని అడుగుల దూరంలోనే వెళ్తుంటాయి. పాతవి, పగిలినవి, పైగా నీళ్లు ఆగి ఆగి వచ్చేవి అయితే ప్రమాదం ఎక్కువ.

నీళ్లు మరిగించి తాగమని సంస్థ చెబితే తెర్లుతూ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి, 2,000 మీటర్ల కంటే ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. మరిగిస్తే క్రిములు చస్తాయి, అంతే. సీసం, నైట్రేటు లాంటివి పోవు, నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకా చిక్కబడతాయి. పాత ఇళ్లలో సీసం పైపులుండే అవకాశం ఉన్నచోట, రాత్రంతా నిలవున్న నీళ్లను కాసేపు వదిలాకే తాగడానికి పట్టుకోండి, వంటకి వేడినీళ్ల కుళాయి వాడకండి, వేడినీళ్లలో సీసం ఎక్కువగా కరుగుతుంది.

డ్రైనేజీ ఎక్కడ పూడుకుంది?

ఒక్క సింకే నెమ్మదిగా పోతుంటే సమస్య దాని కింది వంపులోనే. వంపు విప్పి శుభ్రం చేయండి, బకెట్ కింద పెట్టుకుని. ఫ్లష్ చేస్తే స్నానాల గది జాలీలోంచి బుడబుడమని చప్పుడొచ్చినా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలితే కమోడ్‌లో మట్టం పెరిగినా ఇంటి మొత్తం లైను పూడుకుంటోందని అర్థం. అప్పుడు నీళ్లు వాడటం ఆపి, బయటికి వెళ్లి చాంబర్ల మూతలు తెరిచి చూడండి. ఇంటి దగ్గరి దాని నుంచి మొదలుపెట్టి వీధి వైపు వెళ్లాలి. ఒక చాంబరు నిండుగా, దాని తర్వాతది ఖాళీగా ఉంటే అడ్డు ఆ రెండింటి మధ్యే ఉంది, అది మీ పని, పైపులోకి పొడవాటి స్ప్రింగు తోసి అడ్డు తీసే మనిషిని పిలవండి. హద్దు దగ్గరి ఆఖరి చాంబరు కూడా నిండి ఉంటే, వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే అది వాళ్ల పని, ప్లంబర్‌కి డబ్బు పెట్టకండి. ఆఖరిది నిండి వీధి మ్యాన్‌హోల్ మామూలుగా ఉంటే అడ్డు ఆ రెండింటి మధ్య, ఇక్కడే మొదట చెప్పిన కాగితం పనికొస్తుంది.

వీధి మ్యాన్‌హోల్ మూత మీరు తెరవకండి, పైనుంచి చూసి చెబితే చాలు. చాంబర్లో గానీ, మ్యాన్‌హోల్లో గానీ ఎవరినీ దింపకండి, ఎంత డబ్బు ఇస్తామన్నా, "అలవాటే సార్" అని ఎవరు ముందుకొచ్చినా. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గాలిలో అది పది లక్షల భాగాల్లో సుమారు 100 భాగాలకు చేరితే ముక్కు దాని వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది, ఇక ఫర్వాలేదు అనుకున్న మనిషి అక్కడే కుప్పకూలిపోతాడు, కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా. ఇలా పోయిన ప్రాణాల్లో చాలావరకు పైనుంచి జెట్టింగ్ మెషీన్‌తో (గట్టి ప్రెజర్‌తో నీళ్లు కొట్టి అడ్డు తీసే యంత్రం) చేయదగిన పనికోసం పోయినవే. మెషీన్ రావడానికి ఒకరోజు ఆలస్యమైతే ఆ ఒకరోజు ఇబ్బంది పడదాం.

వర్షం పడి వీధిలో నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ మూత తీసి నీళ్లు దింపడం కూడా అలాంటిదే. మోకాలి లోతు నీళ్లలో ఆ గుంత ఎవరికీ కనపడదు, నడుస్తున్న మనిషి అందులోకి జారిపోతాడు. పైగా ఇంటి పైకప్పు నీళ్లు, వీధి వాన నీళ్లు మురుగు లైన్లో కలిస్తే అది తట్టుకోలేక పల్లంలో ఉన్న ఇళ్లలోకి తంతుంది. మీ ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంటే, కింది అంతస్తులో బాత్రూం ఉంటే, ఇంటి లైను మీద నాన్ రిటర్న్ వాల్వు (మురుగును వెనక్కి రానివ్వనిది) పెట్టించడం తప్పనిసరి ఖర్చు అనుకోండి, ఏడాదికోసారి దాన్ని శుభ్రం చేయించండి కూడా.

పూడుకోవడానికి ముఖ్య కారణం వంటింటి నూనె. వేడిగా పోసినప్పుడు జారిపోతుంది, పైపులో చల్లారి గోడలకు గడ్డకడుతుంది, దానికి తడి తుడుపు కాగితాలు, జుట్టు, ప్యాడ్లు చుట్టుకుంటాయి. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో ఇలా పేరుకున్న గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. బాండీని ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసి, తర్వాత కడగండి. ఫ్లష్ చేయొచ్చని ప్యాకెట్ మీద రాసున్నా వైప్స్ కమోడ్‌లో వేయకండి, అవి టాయిలెట్ కాగితంలా నీళ్లలో విడిపోవు.

అడ్డు తీయడానికి మందు పోయాల్సి వస్తే ఒకటే పోయండి, ఆసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాంతకం. పోసినా పని జరగక ప్లంబర్‌ని పిలిస్తే, ఏం పోశారో అతనికి ముందే చెప్పండి, పైపు విప్పేది అతని చేతులు.

వాడని బాత్రూంలో మురుగు కంపు వస్తుంటే పైపు పగిలిందని కంగారుపడకండి. ప్రతి జాలీ కింద వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలబడి మురుగు గాలిని అడ్డుకుంటాయి, వాడకపోతే ఆవిరైపోతాయి. రెండు చెంబుల నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది.

ఫిర్యాదు ఎలా రాయాలి

"మా దగ్గర డ్రైనేజీ సరిగ్గా లేదు, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోవడం లేదు" అని రాస్తే అది ఎవరి చేతికీ పనికిరాదు. ఇలా రాయండి:

"కనెక్షన్ నంబరు ఫలానా. మా గేటుకి ఎడమవైపు, సుమారు ఆరడుగుల దూరంలో ఉన్న మ్యాన్‌హోల్ ఉదయం 7 గంటల నుంచి పొంగుతోంది. మా ఇంటి ఆఖరి చాంబరు కూడా నిండి ఉంది, ఇంటి లోపలి లైను చూసుకున్నాం, అడ్డు లేదు. ఇరువైపులా మూడిళ్లలో ఇదే పరిస్థితి. జెట్టింగ్ మెషీన్ పంపగలరు. ఫోటోలు జత చేశాను."

అడ్డు ఎక్కడుందో, ఏ పనిముట్టు కావాలో చదివినవాడికి తెలిసిపోతుంది, మొదటి రాకలోనే పని అయ్యే అవకాశం పెరుగుతుంది. పొంగిన ప్రతి ఇల్లూ విడివిడిగా ఫిర్యాదు పెట్టడం మంచిది, ఒకే వీధి నుంచి నాలుగు వస్తే అది వీధి లైను సమస్యని వాళ్లకే కనబడుతుంది. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి. ఎన్ని గంటల్లో చేయాలో సంస్థ తనే ప్రకటించి ఉంటే ఆ గడువు చూసుకుని, అది దాటిన మర్నాడే అదే నంబరుతో పై అధికారికి రాయండి, కొత్త ఫిర్యాదు పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. వచ్చిన పనివాళ్లతో మర్యాదగా మాట్లాడండి, ఆలస్యానికి కారణం చాలాసార్లు వాళ్లు కాదు, వీధి లైన్లు ఎక్కడ ఎలా వెళ్తున్నాయో అందరికంటే బాగా తెలిసేది వాళ్లకే.

పని పూర్తయిందని ఫోన్‌కి మెసేజ్ వస్తే వెంటనే సరేననకండి. ఆఖరి చాంబరు మూత తీసి, ఇంట్లో ఒకరిని ఫ్లష్ చేయమని, నీళ్లు ఆగకుండా వెళ్తున్నాయో లేదో చూసి, అప్పుడు ఒప్పుకోండి. వెళ్లకపోతే అదే నంబరు మీద ఫిర్యాదును మళ్లీ తెరిపించండి.